నన్నెవలడిగిండ్రు సారూ?

నిరుడు దసరా సెలవులకు నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ఎనిమిదవ తరగతిలో నా దగ్గర ఛందస్సు నేర్చుకోలేక నానా అవస్థ పడినవాడు. ఇప్పుడు హైదరాబాదులో ఒక నిర్మాణ సంస్థలో పెద్ద ఉద్యోగమే చేస్తున్నాడు. మేము ఖిలా వరంగల్ మధ్యకోటలో ఉంటాము. సాయంత్రం పూట ఇద్దరమూ కీర్తితోరణాల వైపు నడుచుకుంటూ వెళ్ళాము. నీ ఉద్యోగమేమిటి బిడ్డా అని అడిగితే, "ఒక పని మొదలుపెట్టకముందే అది ఎట్లెట్ల చెడిపోతదో లెక్క గట్టుడు సార్" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. శుభమా అని పని మొదలుపెడుతుంటే అపశకునాలు వెదకడానికి జీతమిస్తారా అన్నాను. "ఇస్తరు సార్. కానీ అసలు కష్టం లెక్క కాదు. పది మందిని కూచోబెట్టి అడిగితే పది మందీ ఒకే మాట చెప్తరు. అది వాళ్ళ మాట కాదు, ముందు మాట్లాడినాయన మాట" అన్నాడు.

ఆ మాట ముల్లులాగా గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో కొంచెం తరువాత చెబుతాను.

వాడికి నా దగ్గర వేరే పని ఉంది. వాళ్ళ సంస్థలో పల్లెటూరి వాళ్ళతో సమావేశాలు జరిపేటప్పుడు ఇంగ్లీషు మాటలు అడ్డు వస్తున్నాయట. 'రిస్కు'కు, 'స్టేక్‌హోల్డరు'కు, 'బయాస్'కు మంచి తెలుగు మాటలు కావాలన్నాడు. తెలుగు పండితుడికి ఇంతకంటె పండుగ ఏముంటుంది? తోరణం మెట్ల మీద కూర్చొని గంటసేపు ఆ మూడు మాటలే మాట్లాడుకున్నాము.

రిస్కుకు 'ముప్పు' చాలునని తేలింది. 'గండం' అంటే జాతకాల వాసన వస్తుంది. 'ఆపద' అంటే అప్పటికే వచ్చి నెత్తిన పడ్డట్టు ఉంటుంది. ముప్పు మాత్రం ఇంకా రాలేదు, వస్తుందేమోనని భయం. రెండవ మాటకు 'భాగస్వాములు' అని కాగితాలలో వ్రాస్తున్నారట. పెట్టుబడి పెట్టినవాడే భాగస్వామి అనిపిస్తుంది గాని, పైసా పెట్టకుండా నష్టం మాత్రం అనుభవించేవాడు ఆ మాటలో ఇమడడు. 'పాలుగలవారు' అనమన్నాను. లాభంలోనైనా, నష్టంలోనైనా ఎంతో కొంత పాలు ఉన్నవారు. వాడు వెంటనే, "పాలోళ్ళంటే మా దిక్కు కొట్లాడుకునే దాయాదులు గద సార్" అన్నాడు. మంచిదే, పని విషయంలో పాలుగలవారు కూడా కొట్లాడుకొనేవారే అన్నాను.

మూడవదే చిక్కు. 'పక్షపాతం' అని నిఘంటువులు చెబుతాయి. పక్షము అంటే ఒక వైపు, పాతము అంటే పడుట. బాగానే ఉంది. తర్కశాస్త్రంలో 'పక్షం' అన్న మాటకు మరొక అర్థం ఉంది. కొండ మీద పొగ కనబడుతున్నది, నిప్పు ఉన్నదో లేదో ఇంకా తేలలేదు. ఆ సందేహానికి చోటైన కొండనే పక్షమంటారు. అంటే పక్షమన్నది సందేహం ఉండవలసిన చోటు. అక్కడ నిస్సందేహంగా పడిపోవడమే పక్షపాతమని నేను చమత్కరించబోయాను. వాడు మర్యాదకు నవ్వాడు. "కానీ సార్, పక్షపాతమంటే ఊరోళ్ళకు కోపమొస్తది. నేను పక్షపాతినా అంటరు. తప్పు పట్టినట్టుండొద్దు" అన్నాడు. అప్పుడు నాకు తట్టిన మాట 'మొగ్గు'. త్రాసు మొగ్గుతుంది. దానికి దురుద్దేశం లేదు. సిబ్బి క్రింద ఇంత చింతపండు అంటుకొని ఉన్నా మొగ్గుతుంది. తూచేవాడికి తెలియనే తెలియదు. "ఇది కుదిరింది సార్" అని వాడు ఫోనులో వ్రాసుకున్నాడు.

ఇక నా ముల్లు సంగతి.

పదవీ విరమణకు కొన్నేళ్ళ ముందు నేను ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నాను. పూర్వ విద్యార్థులు చందాలు పోగుచేసి బడికి గ్రంథాలయం గది కట్టిస్తామని ముందుకు వచ్చారు. నా జీవితంలో అంతటి సంతోషం తక్కువ. సమావేశం పెట్టాము. ఊరి పెద్దలు, దాతలు, తల్లిదండ్రుల సంఘం వాళ్ళు, మేస్త్రీ, ఉపాధ్యాయులు అందరూ వచ్చారు. అధ్యక్షుడిని నేను. కనుక మొదట నేనే మాట్లాడాను. బడి వెనుక ఖాళీ స్థలం ఉన్నదనీ, ప్రశాంతంగా ఉంటుందనీ, చింతచెట్టు నీడ పడుతుందనీ వర్ణించాను. పండితుడి వర్ణన కదా, అక్కడ ఒక తపోవనమే లేచింది. చివర "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగాను. ఎవరికీ లేదు. మేస్త్రీ "భూమి గట్టిది సార్" అన్నాడు. దాతలు చప్పట్లు కొట్టారు. సమావేశం ముప్పావు గంటలో ముగిసింది. ఇంత ఏకగ్రీవంగా పని జరగడం నా పెద్దరికమేనని లోలోపల పొంగిపోయాను కూడా.

రెండవ వానాకాలంలో ఒక రాత్రి కుండపోతగా కురిసింది. ప్రొద్దున్నే వెళ్ళి తలుపు తీస్తే గదిలో మోకాటిలోతు నీరు. క్రింది రెండు అరల పుస్తకాలు ఉబ్బి, అట్టలు ఊడి, ముద్దలై ఉన్నాయి. వాటిలో నా గురువుగారు తమ చేతితో వ్రాసి నాకిచ్చిన వ్యాకరణం నోటు పుస్తకాలు మూడు ఉన్నాయి. ఇంట్లో ఉంటే నాకొక్కడికే, బడిలో ఉంటే పదిమందికి అని నేనే తెచ్చి అక్కడ పెట్టాను. సిరా అంతా నీలి నీరై కారిపోయింది. వాటికి మరొక ప్రతి లేదు.

మధ్యాహ్న భోజనం వండే అమ్మ ఒకామె నాతో పాటు చీపురు పట్టి ఆ నీళ్ళు తోస్తున్నది. తోస్తూ తోస్తూ మామూలుగా అన్నది: "గీ జాగ ఎన్కట కుంట సారూ. నా చిన్నతనంల మా నాయిన గీడ పరకలు పట్టెటోడు." నేను చేతిలో తడిసిన పుస్తకంతో అలాగే నిలబడిపోయాను. "మరి ఆనాడు సమావేశంలో చెప్పలేదేమమ్మా? నువ్వు అక్కడే చాయ్ ఇస్తూ ఉన్నావు కదా" అన్నాను. ఆమె ఆశ్చర్యంగా నా వంక చూసి, "నన్నెవలడిగిండ్రు సారూ?" అన్నది.

అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే అడిగింది. ఎవరడిగారని.

అప్పటి నుంచి ఆ మాట నాలో ఉన్నది గాని, దాని వెనుక ఉన్న యంత్రం నాకు అర్థం కాలేదు. ఆమెను అడగకపోవడం ఒక్కటే తప్పనుకున్నాను. ఆ దసరా సాయంత్రం నా శిష్యుడు చెప్పిన తరువాత తెలిసింది, అడిగినవాళ్ళ దగ్గర నుంచి కూడా నేను నిజం రాబట్టలేదని. మేస్త్రీకి ఆ పని దొరకాలి, కనుక భూమి గట్టిదనిపించింది. దాతలకు తమ పేరు గల పలక త్వరగా పడాలి. తల్లిదండ్రులలో ఇద్దరికి ఆ పల్లం సంగతి తెలుసునట, తరువాత చెప్పారు. కాని "సారు అంత చక్కగా చెప్పినంక అడ్డమెట్ల మాట్లాడుతం" అనుకున్నారట. ఇక అందరికంటె ఎక్కువ మొగ్గినవాడిని నేనే. చింతచెట్టు నీడ నన్ను మొగ్గేలా చేసింది.

మా కోటలో ఉండేవాడికి ఈ విషయంలో పాఠం కోసం దూరం పోవలసిన పని లేదు. ఓరుగల్లు మీదికి 1303లో వచ్చిన ఢిల్లీ సేన ఓడి వెనుదిరిగింది. 1310లో మాలిక్ కాఫూర్ ముట్టడించినప్పుడు కప్పం కట్టి రాజ్యం నిలుపుకున్నారు. ఆ తరువాత ఉలుగ్ ఖాన్ వచ్చి నెలల తరబడి ముట్టడించాడు. ఢిల్లీలో సుల్తాను చనిపోయాడన్న పుకారు దండులో పుట్టి, సేన చెదిరి, అతడు దేవగిరికి వెనుదిరిగాడు. ఇక వాడు రాడని ప్రతాపరుద్రుడు నమ్మాడనీ, విజయోత్సవాలు జరిపి కోటలోని ధాన్యాగారాలు తెరిపించాడనీ చరిత్రకారులు వ్రాశారు. కొద్ది నెలలకే ఉలుగ్ ఖాన్ క్రొత్త బలంతో తిరిగి వచ్చాడు. అప్పటికి కోటలో నిలువ ధాన్యం లేదు. 1323లో కోట పడిపోయింది. చెరపట్టి ఢిల్లీకి తీసుకుపోతుండగా దారిలో నర్మదా తీరాన ఆ రాజు కన్నుమూశాడు.

నేను తరగతిలో ఈ కథను ముప్పై ఏళ్ళు చెప్పాను. విధి అని చెప్పాను, ద్రోహమని చెప్పాను, పద్యాలు కూడా చదివాను. గాదెలు ఖాళీ చేసిన ఆ సభలో ఎవరైనా "మళ్ళీ వస్తే?" అని అడిగారా అన్న ప్రశ్న మాత్రం ఒక్కనాడూ పిల్లల ముందు పెట్టలేదు. మూడుసార్లు ప్రాణం దక్కినవాడికి నాలుగవసారి కూడా దక్కుతుందని అనిపించడం సహజం. గెలుపు కూడా త్రాసును మొగ్గిస్తుంది.

మన పూర్వులకు ఇది తెలియక కాదు. కౌటిల్యుడు మంత్రాలోచన గురించి చెబుతూ, మంత్రులను విడివిడిగానూ అడగాలి, కలిపీ అడగాలి అన్నాడు. ఈ 'విడివిడిగా' అన్నదే కీలకం. ఒక్కడినే నమ్ముకుంటే వాడికి అడ్డు ఉండదు, ఇద్దరయితే కుమ్మక్కు కావచ్చు లేదా కొట్లాడి పని చెడగొట్టవచ్చు కాబట్టి ముగ్గురో నలుగురో ఉండాలని కూడా లెక్క చెప్పాడు. ఎవరినీ చులకన చేయవద్దనీ, చిన్న పిల్లవాడి మాటయినా అర్థవంతమైతే గ్రహించమనీ ఆ ప్రకరణంలోనే ఉంది. నేను దీనిని పరీక్షకు చదివి మంచి మార్కులు తెచ్చుకున్నవాడిని. చాయ్ కప్పులు పట్టుకొని నిలబడిన ఆమె నాకు కనబడలేదు. చదువుకూ చూపుకూ ఎంత దూరం చూడండి.

శిష్యుడు మరునాడు మళ్ళీ వచ్చి, పాశ్చాత్యులు ఈ విషయంలో చేసిన పరిశోధనలు కొన్ని వివరించాడు. అన్నీ నా బుర్రకు ఎక్కలేదు గాని మూడు కథలు మాత్రం మనసుకు పట్టాయి.

మొదటిది ఎద్దు కథ. 1906లో ఇంగ్లాండులోని ప్లిమత్ సంతలో ఒక ఎద్దును చూపించి, కోసి శుభ్రం చేసిన తరువాత ఎంత తూగుతుందో చెప్పమని పందెం పెట్టారు. ఎవరికి వారు చీటీ మీద వ్రాసి ఇచ్చారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ చీటీలు తెప్పించుకొని చదవగలిగిన 787 చీటీలను వరుసలో పేర్చి నడిమి సంఖ్య చూశాడు. అది 1207 పౌన్లు. అసలు తూకం 1198. నూటికి ఒక వంతు కూడా తేడా లేదు. అందులో కసాయివాళ్ళూ ఉన్నారు, ఏమీ తెలియనివాళ్ళూ ఉన్నారు. ఒకరి చీటీ ఒకరు చూడలేదు, అదే రహస్యం. అదే సంతలో ఊరి పెద్ద లేచి "నా ఉద్దేశంలో 1500" అని ఉంటే చీటీలన్నీ ఆ వైపే మొగ్గేవి.

రెండవది ఉపాధ్యాయుడైనవాడు తప్పక వినవలసినది. డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తరువాత నోబెల్ బహుమతి కూడా పొందినవాడు, ఇజ్రాయెల్‌లో ఉన్నత పాఠశాలల కోసం ఒక పాఠ్యపుస్తకం తయారుచేసే బృందంలో ఉండేవాడు. ఆ పుస్తకం విషయమేమిటో తెలుసా? నిర్ణయాలు ఎలా తీసుకోవాలి అన్నది. ఎప్పటికి పూర్తవుతుందో ఎవరికి వారు వ్రాయమన్నాడు. అందరూ ఇంచుమించు రెండేళ్ళన్నారు. అప్పుడు ఆ బృందంలోనే ఉన్న పాఠ్యప్రణాళికా నిపుణుడిని, ఇటువంటి బృందాలు మీరు ఇంకా చూశారు కదా, వాటి సంగతేమిటి అని అడిగాడు. ఆయన ముఖం చిన్నబుచ్చుకొని, నూటికి నలభై అసలు పూర్తే చేయలేదనీ, చేసినవాటికి ఏడేళ్ళకు తగ్గలేదనీ చెప్పాడు. విచిత్రమేమంటే కొద్ది క్షణాల క్రితం ఆయన కూడా రెండేళ్ళని వ్రాసినవాడే! ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళ ఖర్చు తెలిసి కూడా మనింటి పెళ్ళి చవకగా అయిపోతుందనుకోవడం వంటిది ఇది. చివరకు ఆ పుస్తకానికి ఎనిమిదేళ్ళు పట్టింది. తయారైన తరువాత ఎవరూ వాడలేదట.

నాకు వెంటనే హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం గుర్తుకు వచ్చింది. 2000 దశకం మధ్యలో దానిని విప్పి, రాళ్ళకు అంకెలు వేసి ఆవరణలో పేర్చారు. కాకతీయుల కట్టడాలలోని ఇసుక పునాది విద్య చాలా సున్నితమైనది. మా బడి పిల్లలను తీసుకుపోయి ఆ రాళ్ళు చూపించి, వచ్చే ఏడాదో ఆపై ఏడాదో నిలబడిన మండపం చూద్దురు గాని అన్నాను. 2024 మార్చి 8న అది తిరిగి తెరుచుకున్నది. ఆ పిల్లలు తమ పిల్లలను ఎత్తుకొని చూశారు.

మూడవది నాకు అన్నిటికంటె నచ్చినది. గేరీ క్లైన్ అనే ఆయన 2007లో ఒక వ్యాసంలో వివరించిన పద్ధతి. "ఏం ముప్పు రావచ్చు?" అని అడిగితే జనం మొహమాటపడతారు, పిరికివాడంటారేమోనని. అలా అడగవద్దు. "పని చెడిపోయింది. పూర్తిగా చెడిపోయింది. ఎందుకు చెడిందో చెప్పండి" అని అడగాలి. క్రియను భవిష్యత్తు నుంచి భూతంలోకి మార్చడమే దీని కిటుకు. వ్యాకరణం నేర్పినవాడిని, కాలం మారిస్తే మనసు కూడా మారుతుందని నాకు తోచనే లేదు. జరిగిపోయిన దానికి కారణం చెప్పడానికి మన ఊళ్ళలో ఎవరు వెనుకాడుతారు?

ఇదంతా ఊరికే వినడానికి కాదు. నా ముందు ఒక పని ఉంది. మా వాడకట్టులో ఒక పాత పెంకుటిల్లు ఉన్నది. ఇంటివారు అమెరికాలో స్థిరపడి, పిల్లల చదువుగదికి వాడుకొమ్మని ఇచ్చారు. గ్రంథాలయం అనగానే నా సంగతి మీకు తెలిసిందే. అంచనాలన్నీ అప్పటికే నేనే వేసి పెట్టుకున్నాను. మూడు నెలలలో మరమ్మతు, ఉగాదికి ప్రారంభం. శిష్యుడు, "సార్, ఈసారి మీరు ముందు మాట్లాడొద్దు. అసలు మాట్లాడొద్దు" అన్నాడు. గురువుకు మౌనదీక్ష ఇచ్చిన శిష్యుడన్నమాట.

ఆదివారం ప్రొద్దున ఆ ఇంటి అరుగు మీద పద్దెనిమిది మందిమి కూర్చున్నాము. ఎవరెవరిని పిలవాలన్న దాని మీదనే అంతకుముందు రెండు రోజులు తర్జనభర్జన పడ్డాము. ఇంటికి ఇరుగుపొరుగు వాళ్ళు, పదవ తరగతి పిల్లలు నలుగురు, వాళ్ళ తల్లులు, పల్లంలో ఇల్లున్న ఆటో డ్రైవరు, వీధి ఊడ్చే అమ్మ, మేస్త్రీ, విద్యుత్తు పనివాడు, విశ్రాంత ఉద్యోగులు ముగ్గురు. "ఇప్పటికి రెండేళ్ళ తర్వాత దసరా. చదువుగదికి తాళం పడ్డది. ఎందుకు పడ్డదో ఎవరికి వాళ్ళు రాయండి, పేరు రాయొద్దు" అని చెప్పాడు. వ్రాత రానివాళ్ళు తమకు నచ్చిన పిల్లవాడి చెవిలో చెప్పి వ్రాయించుకున్నారు. ఆ తరువాత ఒక్కొక్క కారణానికీ ఎంత అవకాశమో, జరిగితే ఎంత నష్టమో ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు వేయమన్నాడు.

అంకెలెందుకు, మాటలు చాలవా అన్నాను దీక్ష మరిచి. వాడు ఒక ముచ్చట చెప్పాడు. 1951లో అమెరికా గూఢచార శాఖవారు యుగోస్లావియా మీద దాడి జరిగే "గట్టి అవకాశం" ఉన్నదని నివేదిక వ్రాశారట. తరువాత షెర్మన్ కెంట్ అనే అధికారి, ఆ మాటతో మీ ఉద్దేశమేమిటని తన తోటివారిని అడిగితే ఒకరు నూటికి ఇరవై అన్నారు, మరొకరు ఎనభై అన్నారు. అందరూ కలిసి ఒకే వాక్యానికి సంతకం చేసినవాళ్ళు! నేను నోరు మూసుకున్నాను. మా ఊళ్ళో "వాన పడ్డా పడవచ్చు" అంటే ఒకడు గొడుగు తెచ్చుకుంటాడు, మరొకడు వడియాలు ఎండబెడతాడు.

చీటీలు విప్పారు. వాన నీటికి చాలామంది ఒకటో రెండో వేశారు. ఒక్కరు అయిదు వేశారు. శిష్యుడు వాటిని కలిపి సగటు తీయలేదు. తీసి ఉంటే ఆ అయిదు కొట్టుకుపోయేది. "అయిదు వేసినోళ్ళు ఏం చూసి వేసిండ్రో, ఇష్టముంటే చెప్పుండ్రి" అన్నాడు. ఆటో డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. 2023 జూలై వానలకు వాళ్ళ ఇంటి గడప దాటి నీరు వచ్చిందట, ఆ నీరు వచ్చిన దారి ఈ ఇంటి వెనుక గోడ ప్రక్క నుంచే. ఎత్తున ఉన్నవాళ్ళం మాకెవరికీ అది తెలియదు. ఆ జూలై 27ననే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తితే జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ముందు ఎప్పుడూ ఇంత నీరు చూడలేదన్నది అటువంటి చోట్ల పెద్దవాళ్ళు చెప్పే మొదటి మాట. చూడలేదన్నది నిజమే. అది రాదనడానికి సాక్ష్యం కాదు.

మరొక చీటీలో "పురావస్తు శాఖ వాళ్ళు ఆపిండ్రు" అని ఉంది. దీనిని మా విశ్రాంత ఉద్యోగులు తేలికగా కొట్టిపారేశారు, ఎవరూ పట్టించుకోరని. కాని చట్టం ఉన్నది. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల క్రొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పాత ఇంటి మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. కోటలో పుట్టి పెరిగినవాళ్ళం మాకు ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా నేను మూడు నెలల లెక్కలో దానికి ఒక్క రోజు కూడా వేయలేదు. శిష్యుడు కానెమన్ పద్ధతినే పట్టుకొని, "ఈ నడుమ మీ వాడకట్టుల ఇల్లు బాగుచేసుకున్నోళ్ళకు ఎన్ని దినాలు పట్టింది?" అని అడిగించాడు. ఇద్దరే ఉన్నారు. ఒకరికి పది నెలలు, మరొకరికి ఏడాది దాటింది. ఉగాది అక్కడితో కొట్టుకుపోయింది.

ఒక తల్లి వ్రాయించిన చీటీ: "సందుల దీపం లేదు. ఆరు దాటితే ఆడపిల్లలు రారు. మగపిల్లలే కూచుంటరు, వాళ్ళు చదువరు." అందరూ నవ్వారు. కాని ఆ చీటీకి అవకాశం దగ్గర ఆడవాళ్ళు వేసిన అంకెలన్నీ నాలుగూ అయిదూ, మగవాళ్ళు వేసినవి ఒకటీ రెండూ. చీటీల మీద పేర్లు లేవు గాని ఆడవాళ్ళకు పచ్చ కాగితాలిచ్చాడు వాడు. అంత తేడా ఎవరి కళ్ళనూ తప్పించుకోలేదు.

అన్నీ ఇలా పూలబాటగా సాగలేదని కూడా చెప్పాలి. పేరు లేని చీటీ అంటే కొందరికి ప్రక్కింటివాడి మీద కసి తీర్చుకొనే చీటీ కూడా. అలాంటిది ఒకటి వచ్చింది, శిష్యుడు చదవకుండా జేబులో వేసుకున్నాడు. మేస్త్రీ మాత్రం పైకప్పు దూలాలు మరో ఇరవై ఏళ్ళుంటాయని చివరిదాకా ఒకే మాట మీద ఉన్నాడు. దూలాలు మార్చే పనిని అతనితో కాక వేరొకరితో చేయిస్తామని, అతనికి గోడ పని మాత్రమే అని చెప్పిన తరువాత, రెండు దూలాలకు చెద ఉన్నదని తనే చూపించాడు. ఇంకొకటి, మేము పద్దెనిమిది మందిమీ ఒకే వాడకట్టు వాళ్ళము. మా అందరికీ కలిసి కనబడనిది ఏదైనా ఉంటే ఎన్ని చీటీలు వ్రాసినా బయటపడదు. అందుకని తూర్పుకోట నుంచి ఇద్దరిని పిలిచి మళ్ళీ ఒకసారి చూపించాలని అనుకున్నాము. అది ఇంకా జరగలేదు.

ఆఖరి చీటీ తెల్ల కాగితం మీద ఉంది. అక్షరాలు గుండ్రంగా, పిల్లల చేతివ్రాత. శిష్యుడు విప్పి, చదివి, ఒక క్షణం ఆగాడు. చదవమని సైగ చేశాను.

"సారు లేరు. తాళంచెవి సారు దగ్గరే ఉండె."

అరుగు మీద ఎవరూ కదలలేదు. ఒక పెద్దాయన "ఛీ ఛీ, ఏం మాటలవి" అన్నాడు. అంకెలు చూడమన్నాను. అవకాశం దగ్గర అయిదులు చాలా ఉన్నాయి. నేను ఆ చీటీకి ఒకటి వేశాను. నాకు అరవై ఎనిమిది, రక్తపోటు ఉన్నది, పోయిన వేసవిలో ఒకసారి కళ్ళు తిరిగి పడ్డాను కూడా. అయినా ఒకటి వేశాను. గది తెరవడం, పుస్తకాల పట్టిక, చందాల లెక్క, ఇంటివారితో ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నీ నా ఒక్కడి చేతిలో పెట్టుకొని, దానిని సేవ అనుకున్నాను. పని చెడిపోయే కారణాలలో నేనొకడినని నాకు ఎవరు చెబుతారు? నా ఎదురుగా ఎవరు చెప్పగలరు?

ఆ చీటీ వ్రాసినది ఎవరో నాకు తెలుసు. నలభై ఏళ్ళు పిల్లల దస్తూరీ చూసినవాడికి తెలియకపోదు. కాని అది ఆ పిల్ల తన మాట వ్రాసిందో, తన చెవిలో ఎవరైనా చెప్పిన మాట వ్రాసిందో తెలియదు. అడగలేదు.

దరఖాస్తు పెట్టి ఇప్పటికి ఏడు నెలలు. అనుమతి ఇంకా రాలేదు. నేను మూడు నెలలన్నాను, ఆటో డ్రైవరు పన్నెండు అని వ్రాశాడు. వెనుక గోడ ప్రక్కన కాలువ మాత్రం పాత దారినే పూడిక తీయించాము. సందు మొదట్లో దీపం పడింది. పుస్తకాలన్నీ మోకాటి ఎత్తుకు పైనే ఉండేటట్లు అరలు గీయించాను. లెక్కల పుస్తకం ఆ పదవ తరగతి పిల్ల వ్రాస్తున్నది, దస్తూరీ బాగున్నది. తాళంచెవులు మూడు చేయించాము. ఒకటి వీధి ఊడ్చే అమ్మ దగ్గర ఉంటుంది, అందరికంటె ముందు ఆ సందులోకి వచ్చేది ఆమె కాబట్టి.